మన నీళ్లు, మన మోటరు

జనగామలో హైదరాబాద్ రోడ్డు పక్కన మా ఫ్యాక్టరీ ఉండేది. బోరుబావుల్లో దించే మోటర్లు తయారుచేసేవాళ్లం. నేను డీలర్ల సెక్షన్‌లో పనిచేశాను. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక టేబులు, రెండు ఫోన్లు, నేను. కొడకండ్ల నుంచి రేగొండ దాకా ఏ పొలంలో మా మోటరు కాలినా ముందు మోగేది నా ఫోనే. మోటరు బాగా నడుస్తోందని ఎవరూ ఫోన్ చేసి చెప్పరు కదా. అందుకని పొద్దున ఆఫీసులోకి రాగానే ఫోన్ల వైపు కొంచెం భయంగా చూడటం నాకు అలవాటైపోయింది.

ఫ్యాక్టరీ పెట్టినాయన్ని అందరం బాపు అనేవాళ్లం. ఆయన మొదట జనగామ స్టేషన్ దగ్గర చిన్న రేకుల షెడ్డులో కాలిన మోటర్లకు తీగ చుట్టేవాడు. ఎక్కడెక్కడి పెద్ద కంపెనీల మోటర్లూ ఆయన ముందుకు నల్లగా మాడిపోయి వచ్చేవి. కరెంటు నిండుగా ఉండే ఊళ్లను మనసులో పెట్టుకుని చేసిన మోటర్లవి. మా దగ్గరేమో లైను చివరి పొలానికి వచ్చేసరికి కరెంటు సగం ప్రాణంతో వచ్చేది. మోటరు తిరగలేక మూలిగి మూలిగి కాలిపోయేది. తీగ కొంచెం లావుగా వేసి, ఆ సగం కరెంటుకే తిరిగేలా సొంతంగా ఒక మోటరు చేస్తే ఎట్లా ఉంటుందని బాపు అనుకున్నాడు. అలా మొదలైన ఫ్యాక్టరీ, నేను చేరేనాటికి పెద్ద గేటు, రెండు షెడ్లు, వందమందికి పైగా పనివాళ్లతో ఉంది.

నేను చేరిన రోజు బాపు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "బిడ్డా, పెద్ద కంపెనీల మోటరు మనదానికంటె సస్త. చూడనీకి నున్నగుంటది. అయినా రైతు మన దిక్కే ఎందుకు చూస్తడు? కాలిందని ఫోన్ చేస్తే తెల్లారేసరికల్ల మనోడు పొలంకాడ ఉంటడు. గంతే. గదొక్కటే ఉన్నది మన దగ్గర. నువ్వు ఫోన్ ఎత్తకుంటె గది కూడ లేదు."

ఆ 'మనోడు' అని ఆయన అన్నవాళ్లు మా మెకానిక్‌లు. మండలానికొకరు ఉండేవారు. వాళ్లలో కేసముద్రం వైపు చూసే మెకానిక్ గురించి చెప్పాలి. ఆయనది అక్కడికి దగ్గర్లోని ఒక తండా. మనిషి పొట్టి, గొంతు మాత్రం రెండు పొలాల అవతలికి వినిపించేది. ఇంట్లో వాళ్ల భాష, రైతులతో తెలుగు, స్టార్ట్ కాని బండితో హిందీ మాట్లాడేవాడు. ఆ హిందీ ఆడవాళ్లు వినేది కాదు. నెలకోసారి సామాన్ల కోసం జనగామ వచ్చి నా టేబులు ముందు కూలబడేవాడు.

"ఏమక్కా, ఈ నెల నీ ఫోన్ల పరేషాన్ తక్కువయిందా?"

"నీ దిక్కు నుంచి తక్కువనే తమ్మీ."

"మరి చాయ్ తాపియ్యి."

మహబూబాబాద్ మార్కెట్లో ఆయన బండి ఆగిందంటే రైతులు వచ్చి చుట్టూ నిలబడేవారు. మా మోటరు కొనబోయే రైతు కంపెనీ పేరు అడిగేవాడు కాదు, 'గా తండా పిలగాడు చూసే మోటరు ఇయ్యి' అనేవాడు. ఈ మాట నాకు కేసముద్రం డీలరు చెప్పాడు. మార్కెట్ యార్డు ఎదురుగా ఆయన దుకాణం. పెద్దమనిషి, తక్కువ మాట్లాడేవాడు.

బాపుకు ఒక్కడే కొడుకు. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ చదివి, అక్కడే ఓ పెద్ద కంపెనీలో కొన్నాళ్లు చేసి, తండ్రికి ఒంట్లో బాగుండక వెనక్కి వచ్చాడు. మేం సార్ అనేవాళ్లం. ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఆయన చేసిన మంచిని దాచను. జీతాలు ఠంచనుగా పడేలా చేశాడు. ఆడవాళ్లకు వేరే బాత్‌రూం కట్టించాడు. పొద్దున అందరికంటే ముందొచ్చేవాడు. అయితే ఆయన వచ్చేనాటికే మా పరిస్థితి జారిపోవడం మొదలైంది. కోస్తా వైపు నుంచి ఒక పెద్ద కంపెనీ మా ఊళ్లలోకి దిగింది. వాళ్లు చేసే సరుకులో మేం చేసేది ఒక మూలకు కూడా రాదు. ధర తక్కువ, గ్యారంటీ ఎక్కువ. హనుమకొండ దుకాణాల్లో మా మోటర్లు ఒక్కొక్కటిగా వెనక వరసలోకి పోయాయి.

ఆ రోజుల్లోనే హనుమకొండలో ఒక హోటల్లో డీలర్లందరి మీటింగు జరిగింది. అన్ని కంపెనీల వాళ్లం వెళ్లాం. భోజనాల దగ్గర ఆ కోస్తా కంపెనీ ఆఫీసరు ఒకాయన నన్నేదో అడిగాడు, నేను జవాబు చెప్పాను. ఆయన వెంటనే పక్కవాళ్ల వైపు తిరిగి, నా మాటను సినిమాలో నవ్వించేవాడి గొంతుతో, "గట్లనా? గిట్లనా?" అంటూ సాగదీశాడు. అందరూ నవ్వారు. మా డీలర్లూ నవ్వారు. ఆయన చెడ్డవాడని కాదు. అదొక తమాషా అని ఆయనకు నిజంగానే అనిపించింది. చేతిలో పళ్లెంతో నిలబడి నేనూ కొంచెం నవ్వాను. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆ నవ్వు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగినదంతా ఉత్త వ్యాపారం ఎత్తుగడ మాత్రమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. మాకు అది కడుపులోంచి వచ్చిన సంగతి.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకుంది. ప్రతి ఊళ్లో టెంటు, ప్రతి టెంటులో నిరాహారదీక్ష. ఒక పొద్దున సార్ మమ్మల్నందర్నీ పిలిచి తెల్లబోర్డు మీద నాలుగు మాటలు రాశాడు: 'మన నీళ్లు, మన మోటరు'.

"వాళ్ల దగ్గర లేనిది మన దగ్గర ఒకటున్నది," అన్నాడు. "మనం ఈడోళ్లం. వాళ్లు ఎంత ధర తగ్గించినా గది కొనుక్కోలేరు."

మేం చప్పట్లు కొట్టాం. నేనైతే ఏడ్చేశాను కూడా. నెల తిరక్కుండా ఆ నాలుగు మాటలు జనగామ నుంచి భూపాలపల్లి దాకా గోడల మీదికి ఎక్కాయి. మా మెకానిక్ తన బండి ట్యాంకు మీద కూడా రాయించుకున్నాడు. మోటర్లు మళ్లీ అమ్ముడుపోయాయి. పక్క దుకాణంలో వేరేది చవగ్గా దొరుకుతున్నా రైతులు మాది అడిగి మరీ కొన్నారు. ఆ సంవత్సరం ఆఫీసుకు పోతుంటే నాకు పండక్కి పోతున్నట్టే ఉండేది.

తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. భూపాలపల్లిలో బొగ్గు ఆగింది. కరెంటు కోతలు పెరిగాయి. పొలాలు నోళ్లు తెరిచాయి. అయినా రైతులు ఫోన్ చేసి తిట్టలేదు. 'కానియ్యమ్మా, ఒక్క పంట పోతే పోయె' అనేవారు. మా గేటుకు మేమే తాళం వేసుకున్నాం. సార్ జనగామ టెంటులో రోజూ కూర్చునేవాడు. రోడ్ల మీద వంటావార్పుకు బియ్యం బస్తాలు పంపేవాడు. ఒకరోజు నేను ఆ టెంటులో ఆడవాళ్లతో కలిసి కూరగాయలు తరుగుతున్నాను. మెకానిక్ కేసముద్రం నుంచి వచ్చి సార్ పక్కన నిలబడ్డాడు. వాళ్లిద్దరి మాటలు నాకు స్పష్టంగా వినిపించాయి.

"వాళ్ల లారీ ఖమ్మం దిక్కుకెంచి వస్తున్నదట," అన్నాడు సార్. "మానుకోట దాటనియ్యొద్దు. మనం సమ్మెల కూసుంటే వాళ్లు దుకాణాలు నింపుకుంటరా?"

మానుకోట అంటే మహబూబాబాదే. మావాళ్లు అట్లాగే అంటారు.

"ఆపుతం సార్," అన్నాడు మెకానిక్. "గని పోలీసోళ్లు..."

"కేసులు గీసులు అయితే నేనున్న గద. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

మెకానిక్ నా వైపు చూసి కన్నుగీటాడు. చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

లారీ దగ్గర జరిగింది ఆయన తర్వాత నాకు చాలాసార్లు చెప్పాడు. ఎప్పుడు చెప్పినా ఒకేలా చెప్పాడు కాబట్టి నేను నమ్ముతాను. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి వండుతున్నారు. లారీ వచ్చింది, ఆపారు. డ్రైవరు కృష్ణా జిల్లా మనిషి, బాడుగ లారీ. భయపడి దిగనంటే మెకానిక్కే దింపి, విస్తరి వేసి పప్పన్నం పెట్టాడు. సాయంత్రం దాకా ఆపి వెనక్కి పంపేద్దామన్నది వీళ్ల ఉద్దేశం. ఇంతలో పోలీసులు వస్తున్నారని ఎవరో అరిచారు. ఒక్కసారిగా తొక్కిసలాట. ఎక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్లు కొందరు లారీ ఎక్కి పెట్టెలు కిందికి దొర్లించారు. మోటర్లు తారు మీద పగిలాయి. వద్దని గొంతు చించుకుని అరిచింది మెకానిక్కే. ఆయన గొంతు పెద్దదే, కానీ అప్పుడు అందరివీ పెద్ద గొంతులే. పోలీసులు వచ్చేసరికి కుర్రాళ్లెవరూ లేరు. లారీ పక్కన మా కంపెనీ మాటలు రాసిన బండి ఉంది, దాని పక్కన ఆయన ఉన్నాడు. పోటీ కంపెనీ మనిషి కావాలని తమ సరుకు పగలగొట్టాడని కోస్తా కంపెనీ వాళ్లు ఫిర్యాదు రాసిచ్చారు.

కొన్నాళ్లు జైల్లో పెట్టి వదిలారు. బయటికొచ్చాక నా దగ్గర కూర్చుని, "ఏం కాదక్కా, సార్ చూసుకుంటా అన్నడు" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

సమ్మె ముగిసింది. కానీ బందులు, రాస్తారోకోలు, గొడవలు ముగియలేదు. కోస్తా కంపెనీ మా ఊళ్ల వైపు లారీలు పంపడం దాదాపు మానేసింది. దుకాణాల్లో మా మోటర్లు తప్ప ఇంకేవీ లేవు. ఫ్యాక్టరీ రెండు షిఫ్టులు నడిచింది. సార్ బోర్డు మీద గీత ఒకటి గీసి, అది పైకి పోతుంటే మాకు చూపించాడు.

"చూసిండ్రా? గిది మన బలం."

ఆ రోజు బాపు కూడా ఉన్నాడు. చేతికర్ర పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. "రాస్తా బందైందని అమ్ముడువోయినయ్ బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "రేపు తెరుస్తరు. అప్పుడేంది?"

"నాయినా, నువ్వు దుకాణం నడిపినవ్. గిది కంపెనీ."

అందరి ముందూ అన్నాడు. బాపు కర్ర మీద చేతులు పెట్టుకుని బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆఫీసుకు రావడం తగ్గించాడు. మరుసటి ఎండాకాలం పోయాడు. జనగామలో దుకాణాలన్నీ మూసేశారు ఆ రోజు. రేగొండ, కేసముద్రం నుంచి రైతులు ట్రాక్టర్లలో వచ్చారు. మెకానిక్ పాడె మోశాడు.

బాపు పోయాక రెండు మార్పులు జరిగాయి. మొదటిది, మెకానిక్‌ల తిరుగుడు బందు. పెట్రోలు ఖర్చు, నెల జీతం దండగ అన్నాడు సార్. కాలిన మోటరును రైతే బయటికి తీసి డీలరు దగ్గరికి తేవాలి, డీలరు జనగామ పంపాలి. మెకానిక్‌కు మోటరుకింత అని ఇస్తారు. రెండోది, తీగ సన్నబడింది. ఇది మాకెవరికీ చెప్పలేదు. వైండింగ్ షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నాలు తింటూ గుసగుసగా చెప్పుకున్నారు.

నేను సార్ గదిలోకి వెళ్లి అడిగాను. "సార్, బాపు వేసిన తీగ మార్చిన్రట. లైను చివర పొలాలకు నిలుస్తదా?"

"నిలుస్తది చెల్లె. కొంచెం తక్కువ నిలుస్తది. పక్కన ఇంకో మోటరు ఉంటె గద రైతు పోల్చుకునేది? ఎదురెవ్వడు లేనికాడ లావు తీగ ఏసి ఎవ్వనికి చూపియ్యాలె?"

ఆయన ఆ మాట తెలివిగా అన్నాననుకున్నాడు. ఆ మాటలో తెలివి ఉంది కూడా. అదే నాకు ఇప్పటికీ మంట.

ఫోన్లు మొదలయ్యాయి. ముందు రోజుకు ఒకటి, తర్వాత ఊపిరి తిప్పుకోనివ్వనన్ని. రేగొండ డీలరు దుకాణం మీదికి జనం వచ్చారని తెలిసి సార్ నన్నే పంపాడు. ఆడమనిషి పోతే కొట్టరని కాబోలు. డీలరు కుటుంబం చర్చికి పోయే నెమ్మదైన కుటుంబం. దుకాణం ముందు కాలిన మోటర్లు కట్టెల మోపుల్లా పడేసి ఉన్నాయి. డీలరు భార్య లోపల నిలబడి, 'మేం చేసిన మోటర్లు కావు గద' అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్తోంది. నన్ను చూడగానే జనం నా చుట్టూ చేరారు. ఒక పెద్దావిడ, మిర్చి తోట ఎండిపోయినామె, ముందుకొచ్చింది. అరవలేదు.

"ఏం బిడ్డా, గోడ మీద రాసిన్రు గద, మనది మనది అని. గందుకే కొన్న. పక్కోడు వద్దన్నా కొన్న. గా కోస్తోడు మోసం చేస్తే తిట్టుకుంటుంటి. మనోడే చేసిండు. ఎవల్ని తిట్టాలె?"

"మారుస్తం అవ్వా," అన్నాను.

"తోటను మారుస్తవా?"

జనగామ తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. సార్ విని, కొన్ని మోటర్లు మార్చమన్నాడు. అన్నీ కాదు.

సరిగ్గా ఆ సమయంలోనే రోడ్లు కుదుటపడ్డాయి, కోస్తా కంపెనీ మళ్లీ వచ్చింది. ఈసారి ఉత్త లారీలతో రాలేదు. భూపాలపల్లిలో ఒక సర్వీసు సెంటరు తెరిచారు. ఊరూరా తిరగడానికి స్థానిక కుర్రాళ్లను బండ్లిచ్చి పెట్టుకున్నారు. గోడల మీద మా యాసలోనే రాయించారు: 'కాలిందా? ఫోన్ కొట్టు, వస్తం'. ఒకప్పుడు నన్ను వెక్కిరించిన యాస. ఆ గోడ ముందు బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చదివి చాలాసేపు పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను.

కేసముద్రం డీలరు ఫోన్ చేశాడు. ఎప్పుడూ తక్కువ మాట్లాడేవాడు ఆ రోజు మాత్రం గట్టిగానే అన్నాడు. "వాళ్లు కొత్తగ ఏం చేస్తలేరమ్మా. బాపు చేసిందే చేస్తున్రు. మీరు ఇడిచిపెట్టిన్రు, వాళ్లు పట్టుకున్నరు. నేను కూడ రేపటి సంది వాళ్ల సరుకు పెడుతున్న. నన్ను ఏం అనుకోకు."

నేనేం అనుకోలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామ చౌరస్తా రంగుల్లో మునిగిపోయింది. మేమందరం గేటు బయటికొచ్చి ఒకరికొకరు పూసుకున్నాం. ఆ సంతోషం అబద్ధం కాదు. ఈ కథలో ఎంత చేదు ఉన్నా ఆ రోజును నేను ఇందులో కలపను. అప్పటికే రెండో షిఫ్టు తీసేశారు, మూడు నెలలుగా సగంమందికి పనిలేదు. అయినా ఆ రోజు ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మెకానిక్ కేసముద్రం నుంచి ఫోన్ చేసి అరిచిన అరుపుకు నా చెవి గింగుర్లెత్తింది.

ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు. సార్ కంపెనీ అమ్మేస్తున్నాడని తెలిసింది. కొనేది ఎవరో కాదు, ఆ కోస్తా కంపెనీయే. వాళ్లకు మా షెడ్లు అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. మా పేరు కావాలి. రేగొండలో తోటలు ఎండినా, బాపు ఇన్నేళ్లు సంపాదించిన పేరులో ఇంకా ఎంతో కొంత ప్రాణం ఉంది. ఆ పేరు వాళ్ల మోటరుకు వేసి అమ్ముకుంటారు. షెడ్ల కింది నేలను సార్ విడిగా ప్లాట్లు చేసి అమ్ముకుంటాడు. రోడ్డు పక్క నేల కదా, మోటర్లు చేయడం కంటే అదే లాభం. పేరు, నేల తప్ప ఆ ఫ్యాక్టరీలో మిగిలిందల్లా మేమే. మమ్మల్ని ఎవరు కొంటారు?

కొందరిని మాత్రం తీసుకుంటామన్నారు. డీలర్లతో మాట్లాడేవాళ్లు, ఊళ్లు తెలిసిన మెకానిక్‌లు వాళ్లకు కావాలి. దాని గురించి మాట్లాడటానికి వాళ్ల మనుషులు ఇద్దరు జనగామ వచ్చారు. మర్యాదస్తులు. నన్ను 'మేడం గారూ' అన్నారు. సార్ కూడా ఉన్నాడు. మండలాల వారీగా ఎవరెవరున్నారో నేను చెప్తున్నాను. కేసముద్రం వచ్చేసరికి వాళ్లలో పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఆయన వద్దండి. మా సరుకు పగలగొట్టిన కేసు ఉంది ఆయన మీద. అలాంటి మనిషిని మేమెలా పెట్టుకుంటామండి?"

నేను సార్ వైపు చూశాను. సార్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. "అది ఆయన సొంతంగా చేసిన పని. మా కంపెనీకి సంబంధం లేదు," అన్నాడు. వాళ్ల ముందు భాష కూడా మార్చుకున్నాడు.

"మీరు చెప్తేనే ఆపిండు గద సార్," అన్నాను.

సార్ పెన్ను టేబులు మీద పెట్టేశాడు.

"నేను లారీ పగలగొట్టమని చెప్పిన్నా?" ఈసారి మా భాషే వచ్చింది.

"పగలగొట్టుమనలే. ఆపుమన్నరు. కేసయితే నేనున్న అన్నరు. నేను ఆన్నే ఉన్న, కూరగాయలు తరుగుతున్న. నా చెవుల విన్న."

సార్ వాళ్ల వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. నాతో తగ్గుగొంతుతో, "వ్యాపారంల గిసొంటివి అయితయ్ చెల్లె. కూసో," అన్నాడు.

"వ్యాపారం మీది సార్. కేసు ఆయనది."

కూర్చోలేదు. బయటికి వచ్చేశాను. నన్ను తీసుకుంటామన్న మాట తర్వాత ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఒక ప్రైవేటు బడిలో ఆఫీసు పని దొరికింది, చేరిపోయాను. ఆ గదిలో నేనన్న మాటల వల్ల మెకానిక్‌కు ఒరిగిందేమీ లేదు. నాకొక ఉద్యోగం పోయింది, అంతే.

ఉద్యమం కేసులు ఎత్తేస్తున్నారని పేపర్లో వచ్చింది. మెకానిక్ ఆశగా తిరిగాడు. ఆయనది ఎత్తేయలేదు. అది ఉద్యమం కేసు కాదట, ఒక కంపెనీ ఇంకో కంపెనీ సరుకును నాశనం చేయించిన కేసట. చేయించినాయన పేరు మాత్రం అందులో లేదు. చేసినవాడిగా ఈయన ఒక్కడే ఉన్నాడు. వాయిదా వాయిదాకు పని మానుకుని మహబూబాబాద్ పోయేవాడు. వకీలు ఖర్చులకు బండి అమ్మేశాడు. సార్ దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ఊళ్లో లేడన్నారు. రెండోసారి సార్ ఇంట్లోనే ఉన్నాడు, లోపలి నుంచి గొంతు వినిపించింది, కానీ బయటికి రాలేదు. గేటు దగ్గర్నుంచే మెకానిక్ నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, నేనేం పైసలు అడగనీకి రాలే. ఒక్కసారి కోర్టుకొచ్చి నిజం చెప్పుమందామని వచ్చిన."

సాక్షులను పిలిచిన రోజు నేను సెలవు పెట్టి రైల్లో మహబూబాబాద్ వెళ్లాను. వకీలుతో నేను సాక్ష్యం చెప్తానన్నాను. లారీ దగ్గర నేను లేను కాబట్టి నా మాట పనికిరాదన్నాడు. పైగా, ఆపమని చెప్పారన్న సంగతి బయటపడితే కేసు ఇంకా గట్టిపడుతుందన్నాడు. అంటే సార్ చేసింది బయటపెట్టినా ఈయనకే ఉరి బిగుస్తుందన్నమాట. మెట్ల మీద కూర్చుండిపోయాం. ఆయన భార్య సద్దిమూట తెచ్చింది, ఎవరం విప్పలేదు.

కోస్తా కంపెనీ తరఫు సాక్షిగా ఆ లారీ డ్రైవరు వచ్చాడు. ముసలివాడయ్యాడు. జడ్జి ముందు నిలబడి, మెకానిక్‌ను చూపించి పగలగొట్టింది ఇతనేనా అని అడిగితే, తల అడ్డంగా ఊపాడు.

"కాదండి. ఈయన నాకు అన్నం పెట్టాడండి. పెట్టెలు తోసింది ఎవరో కుర్రాళ్లండి. వద్దు వద్దని ఈయన వాళ్ల కాళ్లు పట్టుకుని లాగాడండి, నేను చూశాను."

కంపెనీ వకీలు ఆయన్ని గద్దించాడు. ముందు వేరేలా చెప్పావు కదా అన్నాడు. "నేనేమీ చెప్పలేదండి, కాగితం మీద వాళ్లే ఏదో రాసుకుని సంతకం పెట్టమన్నారు," అన్నాడు డ్రైవరు. మనవాళ్లెవరూ రాని చోటికి ఆయన అంత దూరం నుంచి వచ్చి ఆ నాలుగు ముక్కలు చెప్పి వెళ్లాడు. బయట మెకానిక్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు గానీ ఏమీ మాట్లాడలేకపోయాడు. అంత పెద్ద గొంతుకు మాట రాకపోవడం నేను అప్పుడే చూశాను. డ్రైవరు బస్సుకు టైమైందని తొందరపడ్డాడు.

కేసు కొట్టేశారు. అప్పటికి సంవత్సరాలు గడిచిపోయాయి. ఆ ఏడాదే జనగామలో రాష్ట్రావతరణ దినోత్సవానికి ఉద్యమకారులను సన్మానించారు. బడి పిల్లలను తీసుకుని మేం కూడా వెళ్లాం. స్టేజీ మీద శాలువా కప్పించుకున్నవాళ్లలో సార్ ఉన్నాడు. స్థానిక పరిశ్రమను కాపాడటానికి పోరాడిన మనిషి అని మైకులో చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను వాళ్ల వెనక నిలబడి చేతులు కట్టుకున్నాను. ఆయన చూసుంటాడని అనుకోను. చూసినా గుర్తుపట్టి ఉండడు.

మెకానిక్‌ను కోస్తా కంపెనీ కుర్రాళ్లు ఒకసారి పిలిచారట, కేసు పోయింది కదా, వచ్చి చేరమని. పోలేదు. కోపంతో కాదు. బండి లేదు, మోటర్లు కూడా మారిపోయాయి, వయసు కూడా కొంత మీదపడింది. భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్ పోయారు. ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటారు, కింద ఒక గది ఇచ్చారు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. మొన్న చేసినప్పుడు, తండా వైపు వానలు పడ్డాయా అని అడిగాడు. నేను జనగామలో ఉంటాను, నాకెట్ల తెలుస్తుంది తమ్మీ అన్నాను.

"అవును గద," అన్నాడు. అటువైపు ఎవరో కారు హారన్ కొట్టారు. గేటు తియ్యాలక్కా అని ఫోన్ పెట్టేశాడు.